వోల్టేజీ తగ్గితే మోటారు ఎందుకు కాలుతుంది?

మార్చి మొదటి వారంలో నాలుగు రోజులు సెలవు దొరికితే ఇంటికెళ్ళాను. మా చెల్లిది ఈ ఏడాది పదో తరగతి. పబ్లిక్ పరీక్షలకి ఇంకా రెండు వారాలే ఉంది. నేను గుమ్మంలో బ్యాగు దింపానో లేదో అమ్మ మొదలెట్టింది: "ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, దానికి కాస్త ఫిజిక్స్ చూడరా. నోరు నొప్పెట్టేలా చదువుతోంది గానీ బుర్రకెక్కుతోందో లేదో తెలీట్లేదు."

నేను త్రిబుల్ ఈ మూడో సంవత్సరం. మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ చదివి పాసైన వాణ్ని. పదో తరగతి కరెంటు పాఠం నాకో లెక్కా అనుకున్నాను. ఆ సాయంత్రం చాప మీద కూర్చుని ఓమ్ నియమం చెప్పమంటే చెల్లి కళ్ళు మూసుకుని ఒక్క ఊపిరిలో అప్పజెప్పేసింది. ఫార్ములా వచ్చు, ప్రమాణాలు వచ్చు, గ్రాఫు సరళరేఖ అని కూడా వచ్చు. "బానే చదివావే" అనేసి నేను ఫోన్ తీశాను.

తెల్లారి నాన్న పొలానికి వెళ్ళి, వెళ్ళినంత సేపట్లోనే తిరిగొచ్చాడు. "వోల్టేజీ లేదు. ఇప్పుడు మోటారు వేస్తే వైండింగ్ కాలిపోద్ది. కాసేపాగి చూద్దాం" అన్నాడు. మా ఊళ్ళో ఈ మాట వినపడని వేసవి ఉండదు. చెల్లి కూడా ఊహ తెలిసిన దగ్గర్నించీ వింటూనే ఉంది. ఆ రోజు మాత్రం పళ్ళు తోముకుంటున్నదల్లా ఆగి నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదా? కరెంటు తగ్గితే వేడీ తగ్గాలి. మరి మోటారు ఎందుకు కాలుద్ది?"

నేను "అంటే, మోటారు వేరే" అని ఏదో గొణిగాను. ఆ పిల్ల నోట్లో బ్రష్షుతో అలాగే చూస్తోంది. నాన్న కూడా చూస్తున్నాడు. ఇండక్షన్ మోటార్లు నాకు ఒక సెమిస్టర్ సబ్జెక్టు. స్లిప్ ఫార్ములా, టార్క్ గ్రాఫు, ఈక్వివలెంట్ సర్క్యూట్ అన్నీ పరీక్షలో రాసి మంచి గ్రేడు తెచ్చుకున్నాను. మా పొలంలో ఉన్నది ఆ మోటారే. అయినా ఒక్క వాక్యం రాలేదు.

మధ్యాహ్నానికి గానీ సమాధానం కుదరలేదు. చెల్లికి చెప్పింది ఇది. ఓమ్ నియమం లోహపు తీగ లాంటి వాటి గురించి, అదీ ఉష్ణోగ్రత మారనంత వరకు చెప్పిన మాట. తిరిగే మోటారు ఉత్త తీగ కాదు, బోరులోంచి నీళ్ళు ఎత్తే బరువు దాని మీద ఉంది. వోల్టేజీ తగ్గితే మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. అంటే వోల్టేజీ పదో వంతు పడిపోతే బలం దాదాపు ఐదో వంతు పడిపోతుంది. ఎత్తాల్సిన బరువు మాత్రం పెద్దగా తగ్గదు. దాంతో లోపల తిరిగే రోటారు వెనకబడుతుంది. వెనకబడే కొద్దీ దాంట్లో పుట్టే కరెంటు పెరుగుతుంది, ఆ మేరకు బయటి చుట్టలు లైను నుంచి ఎక్కువ కరెంటు లాక్కుంటాయి. చుట్టల్లో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతం. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లు. అలా కాసేపు నడిస్తే తీగల మీది ఇన్సులేషన్ మాడిపోతుంది.

ఇందులో మొదటి షరతు, అదే "ఉష్ణోగ్రత మారనంత వరకు" అన్నది, చెల్లి పుస్తకంలో ఉంది. చివరి మాట, వేడి గురించిన జౌల్ నియమం, అదీ చెల్లి పుస్తకంలోనే ఉంది. మధ్యలోది నా పుస్తకంలో ఉంది. ముక్కలన్నీ మా ఇద్దరి దగ్గరా ఉన్నాయి. అతికించడం ఇద్దరికీ రాలేదు.

అందుకే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పదో తరగతిలోనైనా బీటెక్‌లోనైనా మనం రివిజన్ అని పిలుస్తున్నది చాలావరకు రివిజన్ కాదు. చదివిన పేజీని మళ్ళీ చూడటం అంతే. పుస్తకం మూసి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఎదుటివాళ్ళకి చెప్పగలిగితేనే ఆ విషయం వచ్చినట్టు. చెప్పలేకపోతే రానట్టే, ఎన్నిసార్లు చదివినా.

రోజూ బస్టాపులో కనపడే మనిషి ముఖం మనకు బాగా తెలుసు. కానీ ఆయన పేరేంటి, ఎక్కడ దిగుతాడు, ఏం చేస్తాడు అంటే తెలీదు. పాఠాన్ని పదిసార్లు తిరగేసినా అలాంటి పరిచయమే ఏర్పడుతుంది. పేజీ తెరవగానే "ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. హైలైటర్ రంగులు చూస్తే ఇంకా నమ్మకం పెరుగుతుంది. పుస్తకం మూశాక గానీ అసలు సంగతి బయటపడదు. దాన్ని మూయడానికే మనకు భయం.

మిగిలిన మూడు రోజులూ మేం పుస్తకం మూసే చదివాం. ఒక పాఠానికి ఒక తెల్ల కాగితం. గుర్తున్నదంతా చెల్లి తన మాటల్లో రాయాలి, తెలుగైనా ఇంగ్లీషైనా సరే. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో రాయాలి. ఆఖర్న ఆ పాఠం మీద ఇంట్లోంచి ఒక ప్రశ్న. ఒక్కో పాఠానికి ముప్పావుగంట పట్టింది. ఈ పద్ధతిలో దానికెంత లాభం జరిగిందో గానీ, నాకు మాత్రం కొన్ని విషయాలు కొత్తగా తెలిశాయి.

మొదటిది "కరెంటు" అనే మాట. మన ఇళ్ళలో ఈ ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో గమనించారా? కరెంటు పోయింది. కరెంటు కొట్టింది. కరెంటు బిల్లు వచ్చింది. ఏసీ వేస్తే కరెంటు ఎక్కువ కాలుద్ది. ఫిజిక్స్‌లో కరెంటంటే ఒక సెకనులో తీగలో ఒక చోటు దాటే ఆవేశం, అంతే. ఇంటికి "కరెంటు పోయింది" అన్నప్పుడు నిజానికి ముందు పోయేది వోల్టేజీ. "కరెంటు బిల్లు"లో మనం డబ్బు కట్టేది శక్తికి. మీటర్లో ఒక యూనిట్ తిరిగిందంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్ళు.

ఇది మాటల గొడవే కదా అనిపించొచ్చు. కానీ చూడండి, నేను చెల్లిని అడిగాను: "రెండు బల్బులు శ్రేణిలో ఉన్నాయి. మొదటి దాన్ని దాటాక రెండో దాంట్లోకి వెళ్ళే కరెంటు తగ్గుతుందా?" "కొంచెం తగ్గుద్ది, మొదటిది కొంత కాల్చేస్తుందిగా" అంది. అంతకు ముందు రోజే శ్రేణి సంధానం మీద ఐదు లెక్కలు తప్పు లేకుండా చేసిన పిల్ల. ప్రతి లెక్కలోనూ అన్ని నిరోధాలకీ ఒకే ఐ వేసింది. చెయ్యి సరిగ్గానే రాసింది, మనసులో బొమ్మ మాత్రం వేరే ఉంది. "కరెంటు కాలుతుంది" అని ఇన్నేళ్ళు విన్న చెవి ఆ బొమ్మ గీసింది. బల్బు ఆవేశాన్ని తినదు, ఆవేశం మోసుకొచ్చిన శక్తిని వెలుగుగా, వేడిగా మారుస్తుంది. వచ్చినంత కరెంటూ అవతలి వైపు నుంచి బయటికి పోతుంది. తన మాటల్లో చెప్పించకపోతే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు, ఎందుకంటే లెక్కలన్నీ రైటే.

రెండోది కటకాలు. మన రాష్ట్రంలో ఇప్పుడు పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటోంది. చెల్లిది ఇంగ్లీషు మీడియం, తెలుగు పేజీ వైపు కన్నెత్తి కూడా చూడదు. కాన్వెక్స్ ఏది, కాన్‌కేవ్ ఏది అంటే ప్రతిసారీ ఒక్క క్షణం తడుముకుంటుంది. తెలుగు పేజీ చదవమన్నాను. కుంభాకార కటకం. కుంభం అంటే కుండ, కుండలా ఉబ్బి ఉన్నది. పుటాకారం. పుటం అంటే ఆకు దొప్ప, దొప్పలా లోపలికి పోయినది. ఆ తర్వాత తడుముకోలేదు. హ్రస్వదృష్టి అంటే చూపు పొట్టి, దగ్గరివే కనపడతాయి. నలభై దాటాక వచ్చేదానికి చత్వారం అని మన పెద్దవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారు, సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు కాబట్టి. జవాబు పేరులోనే ఉంది. పరీక్షలో ఇంగ్లీషులోనే రాయనీ, ఎవరొద్దన్నారు? అర్థం చేసుకునేటప్పుడు ఎదురు పేజీ చూడటానికి అదనంగా ఫీజేమీ లేదు కదా.

చత్వారం అనగానే నానమ్మ కళ్ళజోడు గుర్తొచ్చింది. ఆవిడ పవరు ప్లస్ రెండున్నర. కటక సామర్థ్యం అంటే మీటర్లలో నాభ్యంతరానికి విలోమం. ఒకటిని రెండున్నరతో భాగిస్తే సున్నా పాయింట్ నాలుగు మీటర్లు, అంటే 40 సెంటీమీటర్లు. ఇది ఫార్ములా. నిజమేనా అని చూశాం. ముందు గదిలో కిటికీకి ఎదురుగోడ దగ్గర ఒక అద్దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపితే, సరిగ్గా మూరెడు దూరంలో గోడ మీద కిటికీ ఊచలు, బయటి వేపచెట్టు తలకిందులుగా పడ్డాయి. స్కేలు పెడితే 40కి కాస్త అటూ ఇటూ. నిజ ప్రతిబింబం అంటే తెర మీద పట్టగలిగేది అని ఎన్నిసార్లు చదివినా, ఆ తలకిందుల వేపచెట్టుని చూసినప్పుడు చెల్లి ముఖం మారిపోయింది.

అప్పుడు అడిగాను: "కళ్ళజోడు అద్దాన్ని సగం అట్టముక్కతో మూసేస్తే?" పుస్తకంలో పాఠం చివర ఉన్న ప్రశ్నే ఇది. "సగం చెట్టు పోద్ది" అంది. మూశాం. చెట్టు మొత్తం అలాగే ఉంది, వెలుగు తగ్గింది. చెట్టులో ప్రతి బిందువు నుంచీ వచ్చే కాంతి అద్దం అంతటి మీదా పడుతుంది. సగం మూస్తే ప్రతి బిందువుకీ సగం కాంతి పోతుంది గానీ ఏ బిందువూ పూర్తిగా పోదు. ఇది తెలిశాక కిరణ చిత్రాల్లో గీసే రెండు గీతలు "ఉన్న కిరణాలన్నీ" కావని, లెక్క కోసం మనం ఎంచుకున్నవని తనకే అర్థమైంది. ఆ రెండు గీతలే మొత్తం కాంతి అని నేను ఇంటర్ దాకా అనుకున్నాను. నానమ్మ మాత్రం "మీ పరీక్షలయ్యేలోపు నా జోడు మిగుల్తుందో లేదో" అంది.

మూడోది ఒక కాగితం ప్రశ్న, మీరూ ప్రయత్నించండి. 230 వోల్టుల కోసం చేసిన పాతకాలపు ఫిలమెంట్ బల్బులు రెండు, ఒకటి 60 వాట్లు, ఒకటి 100 వాట్లు. రెండిటినీ శ్రేణిలో కలిపి 230 వోల్టులకి పెడితే ఏది ఎక్కువ వెలుగుతుంది? మా హాస్టల్లో ఆరుగుర్ని అడిగితే నలుగురు 100 అన్నారు. వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. 60 వాట్ల దానికి దాదాపు 882 ఓములు, 100 వాట్ల దానికి 529 ఓములు. శ్రేణిలో కరెంటు ఒకటే, కాబట్టి నిరోధం ఎక్కువున్న చోటే వేడి ఎక్కువ. నిరోధాలు మారవనుకుని లెక్కేస్తే 60 వాట్ల బల్బుకి సుమారు 23 వాట్లు, 100 వాట్ల దానికి 14 వాట్లు వస్తాయి. చిన్న బల్బే ఎక్కువ వెలుగుతుంది. బల్బు మీద రాసిన వాట్లు దాని సొంత గుణం కాదు, ఫలానా వోల్టేజీ ఇస్తే ఇంత అని చెప్పే షరతు. ఎల్‌ఈడీ బల్బులకి ఈ లెక్క పనికిరాదు. ఇంట్లో మెయిన్స్‌తో ఈ ప్రయోగం చెయ్యకండి కూడా.

చూశారా, మోటారు దగ్గరా బల్బు దగ్గరా మనం జారిపోయింది షరతు దగ్గరే. ఫార్ములా గుర్తుంటుంది, "ఎప్పుడు" అనే సగం ఎగిరిపోతుంది. 1827లో పుస్తకంగా వచ్చిన ఓమ్ నియమం, ఆయన జర్మనీలోని కొలోన్‌లో బడి పంతులుగా ఉన్నప్పుడు చేసిన ప్రయోగాల్లోంచి పుట్టింది. అప్పటి బ్యాటరీలు నిలకడగా ఉండకపోవడంతో ఆయన రెండు లోహాలు అతికి, ఒక అతుకుని మరిగే నీళ్ళలో, ఇంకో అతుకుని మంచులో ఉంచి, మారని వోల్టేజీ సంపాదించుకుని కొలిచాడు. అంత కష్టపడి నిలబెట్టిన పరిస్థితుల్ని మనం "అండర్ కాన్‌స్టంట్ టెంపరేచర్" అని గబగబా అనేసి ముందుకెళ్ళిపోతున్నాం.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు, చెల్లే అడిగింది. "అన్నయ్యా, నా పేపర్లో నానమ్మ కళ్ళజోడు రాదుగా? డెఫినిషన్ వస్తుంది. పుస్తకంలో మాటలుంటేనే మార్కులు." ఈ మాటలో నిజముంది, కొట్టిపారెయ్యను. పేపరు దిద్దేవాళ్ళు కీలక పదాల కోసం చూస్తారు. సంజ్ఞా సంప్రదాయంలో ప్లస్సెక్కడో మైనస్సెక్కడో ఆలోచిస్తూ కూర్చుంటే టైమవుతుంది. ప్రమాణాలు, నిర్వచనాలు, గుర్తులు బట్టీ పెట్టాల్సిందే, పాత పేపర్లు చెయ్యాల్సిందే. మేమూ చివరి రోజు పూర్తిగా ఆ పనే చేశాం. బట్టీని తిట్టడం మనలాంటి పాసైపోయినవాళ్ళకి సులువు. రెండు వారాల్లో ఆరు సబ్జెక్టులు రాయాల్సిన పిల్లకి అది ఊతకర్ర.

నేననేది వరస గురించి. అర్థమైన తర్వాత బట్టీ పడితే అది నిలుస్తుంది, మధ్యలో ఒక మాట మర్చిపోయినా సొంతంగా కట్టుకోవచ్చు. అర్థం కాకుండా బట్టీ పడితే ఒక మాట జారితే మొత్తం జారిపోతుంది. పైగా ఇప్పుడు పేపర్లో "కారణం తెలపండి", "ఏమి జరుగుతుందో ఊహించండి" లాంటివీ వస్తున్నాయి. వాటికి డెఫినిషన్ సాయం చెయ్యదు. టైము లేదన్నదానికి కూడా ఇదే జవాబు. ఒక పాఠాన్ని నాలుగోసారి చదివే ముప్పావుగంటే ఇటు మార్చుకోమంటున్నాను, కొత్త గంటలు అడగడం లేదు.

ఇదంతా పదో తరగతి పిల్లల గురించని అనుకుంటే పొరపాటు. మొన్నటి ల్యాబ్ వైవాలో "వోల్టేజీ అంటే ఏంటి?" అని అడిగితే నేను చెప్పిన జవాబు "వి ఈక్వల్స్ ఐ ఆర్ సార్". నా వెనక నిలబడ్డ ఇద్దరూ అదే చెప్పారు. ఒక కూలుంబు ఆవేశాన్ని ఈ చోటు నుంచి ఆ చోటుకి తీసుకెళ్ళడానికి ఎన్ని జౌళ్ళ పని జరుగుతుందో అదే ఆ రెండు చోట్ల మధ్య వోల్టేజీ. పదో తరగతిలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యమే ఇది. మనం పైకి పైకి కడుతున్నాం, కింద ఇటుక కదులుతోంది. ఆ కదలడం సెమిస్టర్ పరీక్షల్లో కనపడదు, ఎందుకంటే అక్కడా మనం పాత పేపర్లే నమ్ముకుంటాం. నాన్న అడిగినప్పుడే కనపడుతుంది. ఆ రోజు నాన్న ఏమీ అనలేదు. "మధ్యాహ్నం చెప్తాలే" అని నేను తప్పించుకుంటుంటే, "పర్లేదు నాన్నా, తాపీగా చూడు" అన్నాడు. నన్ను చదివించడానికి ఆ మోటారు మీదే నీళ్ళు పారించిన మనిషి. ఆ "పర్లేదు" నాకు వైవాలో పోయిన మార్కుల కంటే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకని తోటి మిత్రులకి ఒక మాట. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ ఇంట్లోనో పక్కింట్లోనో పదో తరగతి పిల్లలుంటారు. ఒక సాయంత్రం వాళ్ళతో కూర్చోండి. పాఠం చెప్పకండి, చెప్పించుకోండి. పుస్తకం మూయించి, "ఇది మీ నానమ్మకి ఎలా చెప్తావు?" అని అడగండి. వాళ్ళు ఆగిన చోట మీరూ ఆగుతారేమో చూసుకోండి. ఆగితే సిగ్గుపడకండి, మధ్యాహ్నం దాకా టైమడగండి.

మా చెల్లికి ఫిజిక్స్ పేపరు ఇంకా అవ్వలేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "తీగ మీద కూర్చున్న కాకికి కరెంటెందుకు కొట్టదో వోల్టేజీ అనే మాట వాడి చెప్పు, పుస్తకం చూడకుండా" అంది. ఈసారి చెప్పగలిగాను. "రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉన్నాయి కాబట్టి" అని మొదలుపెట్టాను. మిగతాది మీరు పూర్తి చెయ్యండి, పుస్తకం మూసి.